ఎర్రపోగు దండెం

పోయిన నెల ఇల్లు మారాం. సామాను కట్టడానికి వచ్చిన యాదగిరి నా కుట్టు డబ్బా తెరిచి, బొత్తాలూ దారపు ఉండల మధ్య నుంచి ఒక తాడు ముక్క పైకి తీశాడు. “గిదేందమ్మా, జానెడు గూడ లేదు. పారేస్తున్న,” అన్నాడు. “ముట్టుకోకు!” అని నేను అరిచిన అరుపుకి పాపం ఆయన డబ్బాతో సహా కింద పెట్టేశాడు. “సోఫా కాలు ఇరిగితే ఒక్క మాట అనలే. గీ తాడు ముక్కకు గింత లొల్లి ఏందమ్మా?” అన్నాడు నొచ్చుకుని. ఏం చెప్పను ఆయనకి? సోఫా పోతే ఇంకోటి వస్తుంది. ఆ తాడు ముక్క, పదిహేడేళ్ళ వయసులో మా నాయిన మీద నాకు దొరికిన సాక్ష్యం. చూపించవలసిన మనిషి ఒక్కతే ఉండేది. ఆమెకి చూపించలేదు. ఆ సంగతి రాయకుండా పోతే నాకు మనశ్శాంతి ఉండదు.

మేం అప్పుడు తార్నాకలో ఉండేవాళ్ళం. ఇప్పటిలా మెట్రో స్తంభాల కింద రోడ్డు దాటడానికి పావుగంట నిలబడే తార్నాక కాదు. యూనివర్సిటీ గోడకి అవతల బండరాళ్ళూ సీతాఫలం పొదలూ, ఇవతల మా సందు. మాకు రెండు గదులు, ముందొక వసారా, వెనక పెరడు. పెరట్లో వేపచెట్టు నుంచి స్నానాల గది మూల దాకా బట్టలారేసే దండెం ఉండేది. చిటికెన వేలంత లావు తెల్లటి నూలుతాడు. దాని మెలికల్లో ఒకే ఒక్క ఎర్రపోగు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చుట్టుకుంటూ పోయేది. చిన్నప్పుడు నేను ముక్కాలిపీట ఎక్కి ఆ ఎర్రపోగు మీద వేలు పెట్టి, అది ఎక్కడ కనబడకుండా పోయి ఎక్కడ మళ్ళీ తేలుతుందో చూస్తూ మధ్యాహ్నాలు గడిపేదాన్ని. ఆదివారం పూట ఆ దండెం కింద సర్వపిండి కాలే వాసనా, తడిబట్టల వాసనా కలిసి వచ్చేవి.

నాయిన యూనివర్సిటీ సైన్సు కాలేజీలో లాబ్ మెకానిక్. చెడిపోయిన ఏ పరికరమైనా ఆయన చెయ్యి పడితే కదిలేదని ప్రొఫెసర్లే అనేవారు. అంతకు ముందు ఆయన సినిమా ఆపరేటర్. తార్నాక నుంచి వారాసిగూడకి దిగే దారిలో నిజాం కాలం నాటి టాకీసు ఒకటుండేది. ముందర నాలుగు రాతి స్తంభాలు, పైన ఉర్దూలో పేరు. మా ఇంట్లో ఉర్దూ చదవడం ఎవరికీ రాదు కనుక ‘పాత టాకీసు’ అంటే సరిపోయేది. ఆ రోజుల్లో నాయిన ఇంటికొస్తే మెషీన్ నూనె వాసన ముందు వచ్చేది, ఆయన తర్వాత వచ్చేవాడు. మెషీన్లో కాలగా మిగిలిన కార్బన్ కడ్డీల ముక్కలు జేబులో వేసుకొచ్చి నాకిచ్చేవాడు. తార్నాకకి రాకముందున్న ఇంటి ముందు బండ మీద ఆ కడ్డీతోనే, నా చెయ్యి పట్టుకుని అ ఆలు దిద్దించాడు. ఇన్ని పుస్తకాలు రాశానే, నా మొదటి అక్షరం ఆ టాకీసు మసితో రాసిందే.

అదే టాకీసులో మా మేనత్త సత్తెమ్మ జనానా గేటు దగ్గర పనిచేసేది. నాయినకి సొంత అక్క. జనానా అంటే ఆడవాళ్ళ తరగతి. హాల్లో వెనక ఎత్తు మీద బెంచీలు, వాటి ముందు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నల్లటి మందపాటి పర్దా. దీపాలు ఆరాక అత్తమ్మ పర్దా పక్కకి లాగేది, దీపాలు వెలిగే ముందు మూసేది. చీకట్లో ఆడవాళ్ళు బురఖాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, పిల్లలకి పాలిచ్చుకుంటూ, పల్లీలు ఒలుచుకుంటూ, ఏడుపొస్తే గట్టిగా ఏడ్చుకుంటూ సినిమా చూసేవాళ్ళు. ఇంట్లో కూడా వాళ్ళకి అంత హాయి లేదని అత్తమ్మ అనేది. ఇంటర్వెల్ ఎప్పుడొస్తుందో ఆమెకి తెలుసు. కాని రీలు మధ్యలో తెగితే? అందుకొక పద్ధతి పెట్టుకున్నారు. పైన ఆపరేటర్ క్యాబిన్ నుంచి గోడ మీద ఎత్తున గిలకల మీదుగా ఒక తాడు వచ్చి, పర్దా పక్కన కప్పు కింద వేలాడే ఇత్తడి గంటకి కట్టి ఉండేది. లైటు వేసే ముందు ఆపరేటర్ ఆ తాడు రెండుసార్లు గుంజాలి. కింద అత్తమ్మ పర్దా మూయాలి. పది అంకెలు లెక్కపెట్టి ఆయన లైటు వేయాలి.

“పైన మా తమ్మి, కింద నేను. పన్నెండేండ్ల సంది ఒక్క ముఖం బయట వడలే,” అని అత్తమ్మ గొప్పగా చెప్పుకునేది. చెప్పుకోదా మరి! పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోయాడు, పిల్లల్లేరు, అయినా ఎవరి పంచనా చేరలేదు. వారాసిగూడలో ఒక గది అద్దెకి తీసుకుంది. ఆ గది తాళంచెవి నడుముకి దోపుకుని తిరిగేది. మా ఇంటికొస్తే చుట్టంలా వచ్చేది, కాళ్ళకి నీళ్ళిచ్చేదాకా గడప దాటేది కాదు. జనానాకి వచ్చే ఆడవాళ్ళందరి అత్తరూ ఆమె చీరకి అంటుకుని ఉండేది. నేను ఆమె కొంగులో ముఖం పెట్టి వాసన చూస్తుంటే అమ్మ తిట్టేది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, మేం తార్నాక ఇంట్లోకి దిగిన వారానికి, అమ్మ పొద్దున్నే బొంతలన్నీ ఉతికింది. పెరట్లో కొత్తగా కట్టిన దండెం మీద ఆ తడి బొంతలు నేల దాకా వేలాడుతున్నాయి. నేను వాటి మధ్య దూరి ఆడుకుంటున్నాను. ఇంకా ఎండ తగ్గనే లేదు, అత్తమ్మ వచ్చింది. కాళ్ళకి నీళ్ళు అడగలేదు. నేరుగా పెరట్లోకి వచ్చి బొంతల వెనక కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను భయపడి ఆమె పక్కనే నిలబడ్డాను. తడి బొంతల వాసన ఎక్కడ తగిలినా ఇప్పటికీ నాకు ఆ ఏడుపు గుర్తుకొస్తుంది.

మ్యాట్నీ ఆటలో రీలు తెగింది. గంట మోగలేదు. లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి. పర్దా బార్లా తెరిచి ఉంది. కింద మగవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు, ఈలలు వేశారు. ఆడవాళ్ళు బురఖాల కోసం తడుముకుంటూ ఒకరి మీద ఒకరు పడ్డారు. ముషీరాబాద్ నుంచి వచ్చే ఒక కొత్తకోడలంటే అత్తమ్మకి ప్రాణం. ఆ పిల్ల ఆ రోజు ఇంట్లో చెప్పకుండా వచ్చింది. ఆ పిల్ల మరిది కింద బెంచీలో కూర్చుని ఉన్నాడు. చూశాడు. రెక్క పట్టుకుని బయటికి ఈడ్చుకుపోతుంటే ఆ పిల్ల అత్తమ్మ వంక చూసి, “క్యా కియా ఆపా తుమ్నే?” అందట. ఏం చేశావక్కా నువ్వు అని. ఆ తర్వాత ఆ పిల్లని గడప దాటనివ్వలేదని విన్నాం.

గంట మోగలేదని అత్తమ్మ మేనేజరు ముందు మొత్తుకుంది. హాలు ఖాళీ చేయించి, గొడవ కాస్త సద్దుమణిగాక మేనేజరు నాయినని తాడు గుంజమన్నాడు. నాయిన పైకెళ్ళి గుంజాడు. గంట మోగింది. “రెండుసార్లు గుంజిన సాబ్. అక్కకు నిద్ర వట్టినట్టున్నది,” అన్నాడు నాయిన. అంతే. పన్నెండేళ్ళ కొలువు ఆ గంట మోతతో పోయింది. మరుసటి నెల అత్తమ్మ వారాసిగూడ గది ఖాళీ చేసి ఒక ట్రంకు పెట్టెతో మా ఇంటికొచ్చింది. ఏడాది తిరక్కుండా టాకీసు యజమానుల తగాదాల్లో మూతపడింది, నాయినకి యూనివర్సిటీలో ఉద్యోగమొచ్చింది.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు మా ఇంట్లో పొద్దున కళ్ళాపి చల్లింది అత్తమ్మ. గిన్నెలు తోమింది అత్తమ్మ. జొన్నరొట్టెలు చేసింది, నా తల దువ్వింది, అమ్మకి టైఫాయిడ్ వస్తే నెల్లాళ్ళు బట్టలు పిండి ఆ దండెం మీద ఆరేసింది అత్తమ్మే. పాలవాడి సైకిలు గంట మోగినా ఉలిక్కిపడి చెయ్యి పైకెత్తేది, పర్దా అందుకోబోతున్నట్టు. మేం నవ్వేవాళ్ళం. ఎవరైనా పగలు కునుకు తీస్తే ‘అత్తమ్మ నిద్ర’ అనేవాళ్ళం. ఆ మాట పుట్టించిందే నేను, ఏం దాపరికం! ఆమె మాత్రం ప్రతిసారీ అదే చెప్పేది: “గంట మోగలే బిడ్డా. నా కండ్లు తెరిచే ఉన్నయి. సినిమల పెండ్లి అయితుంటే నేను జూస్తనే ఉన్న.” అన్నం తింటున్న నాయిన తలెత్తకుండా, “పోనియ్యక్కా. మనిషన్నంక కునుకు రాదా?” అనేవాడు. అబ్బ, నాయినది ఎంత పెద్ద మనసో అనుకునేదాన్ని నేను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

నాకు పదిహేడేళ్ళు వచ్చిన సంవత్సరం అరవైతొమ్మిది ఉద్యమం మూలంగా కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద నుంచి రోజూ ఊరేగింపులు బయల్దేరేవి, మా సందు దాకా నినాదాలు వినిపించేవి. నాయినకి అదొక సాకు దొరికింది. “ఈ సదువులు ఎప్పుడు తెరుస్తరో ఏమో. పీయూసీ చాలు. సంబంధం జూస్త,” అన్నాడు. నేను బీఏలో చేరతానని ఏడ్చాను, మొండికేశాను, రెండు రోజులు తిండి మానేశాను. నా తరఫున మాట్లాడింది ఒక్క అత్తమ్మ. “సదువనియ్యి తమ్మీ. దాని తాళంచెవి దాని నడుముకుంటది,” అంది. నాయిన వినలేదు.

ఆ ఖాళీ రోజుల్లో ఒక మధ్యాహ్నం నా స్నేహితురాలు గ్రేసు వచ్చింది. వాళ్ళది గుంటూరు వైపు. వాళ్ళ నాన్న హబ్సిగూడలో బడిపంతులు. “ఇంట్లో కూర్చుని బూజు పట్టిపోతున్నామే. మీ అత్తమ్మ చెప్పే ఆ టాకీసేదో చూసొద్దాం పద,” అంది. గేటు దగ్గర కాపలా ముసలాయన స్తంభాలకి మేకలు కట్టేసుకుని కూర్చున్నాడు. నాయిన పేరు చెబితే లోపలికి వదిలాడు. “పైలం బిడ్డా, పురుగూ పుట్రా ఉంటయి,” అన్నాడు.

లోపల గబ్బిలాల కంపు. కప్పు రేకులు లేచిపోయిన చోట ఎండ పడుతోంది. బెంచీలు ఎవరో ఎత్తుకుపోయారు, వాటి మేకులు మిగిలాయి. జనానాలో పర్దా లేదు, కడ్డీకి ఉంగరాలు వేలాడుతున్నాయి. నేల మీద విరిగిన గాజుముక్కలు కనబడితే, అవి ఆ రోజు తొక్కిసలాటలో విరిగినవేమోనని నాకు కాలు వేయబుద్ధి కాలేదు. గంట అక్కడే ఉంది, చిలుమెక్కి. “మోగుతుందేమో చూద్దామా? నువ్వెళ్ళి లాగు, నేనిక్కడుంటా,” అంది గ్రేసు. మెట్లెక్కి క్యాబిన్‌లోకి వెళ్ళాను. మెషీన్లు లేవు. గోడకి వేలాడుతున్న తాడు పట్టుకుని రెండుసార్లు గుంజాను. కింద గంట మోగింది. “మోగిందే! ఎంత బాగా వినబడిందో!” అని గ్రేసు అరిచింది. అత్తమ్మకి నిజంగానే నిద్ర పట్టిందన్నమాట అనుకుని నేను నవ్వాను.

అప్పుడు నా అరచేతికి పీచు గుచ్చుకుంది. చూస్తే అది జనపతాడు. రీళ్ళ పెట్టెలకి కట్టి వచ్చే తాడు. క్యాబిన్ గోడ పొడుగునా అది వెళ్ళి, కిటికీ కన్నం దగ్గర ఇంకో తాడుకి ముడిపడి ఉంది. కన్నం అవతల, హాల్లోకి పోయేదంతా నూలుతాడు. తెల్లటిది. దాని మెలికల్లో ఒక ఎర్రపోగు. ముడి నాయినదే. రెండు మడతలు వేసి కొస లోపలికి దోపే ముడి. సైకిలు క్యారియర్ మీద పుస్తకాలు కట్టుకోవడానికి నాకు నేర్పింది కూడా అదే. మా దండెం టాకీసు తాడా అని మొదట నవ్వే వచ్చింది. పాతబడితే తెచ్చుకుని ఉంటాడులే అనుకున్నాను. ఆ తర్వాత తడి బొంతలు గుర్తుకొచ్చాయి. అత్తమ్మ ఏడుస్తూ వచ్చే వేళకి దండెం పెరట్లో ఉంది. బొంతలు పొద్దుటి నుంచి దాని మీద ఆరుతున్నాయి. అంటే మ్యాట్నీ ఆట వేళకి క్యాబిన్‌లో గుంజడానికి తాడే లేదు. మేనేజరు ముందు మోగించిన ఈ జనపతాడు, హాల్లో ఆడవాళ్ళు ఏడుస్తుండగా, నాయిన పైన కూర్చుని ముడేసింది.

గ్రేసు పైకొచ్చి, నేను చెప్పిందంతా విని, “అయితే మీ అత్తమ్మ చెప్పేది నిజమేగా! పాపం, ఇన్నాళ్ళూ…” అంది. ఆమె పెన్సిల్ చెక్కే బ్లేడుతో నూలుతాడు జానెడు కోసుకున్నాను. ఇంటికొచ్చి దండెం పక్కన పెట్టి చూశాను. అదే తాడు. బట్టలు తీయడానికి వచ్చిన అత్తమ్మ, “ఏం జూస్తున్నవే?” అంది. ఆ తాడు గోడ మీద ఎత్తున చీకట్లో ఉండేది, క్యాబిన్‌లోకి ఆమె ఎన్నడూ వెళ్ళలేదు. ఆమెకి గంటే తెలుసు గాని తాడు తెలియదు. “ఏం లేదత్తమ్మా,” అన్నాను. నాయిన నోటితో చెప్పించాక చెబుదామనుకున్నాను.

నాయిన వసారాలో కూర్చుని లాబ్ గడియారమేదో విప్పుతున్నాడు. వంటింట్లో అత్తమ్మ రొట్టెలు తట్టే చప్పుడు వినబడుతోంది. తాడు ముక్క ఆయన ముందు పెట్టాను. తప్పయిందంటాడనుకున్నాను. “ఎవలకన్న చెప్పినవా?” అన్నాడు. మొదటి మాట అదీ!

“అయితే నిజమేనా నాయినా?”

“మెల్లగ మాట్లాడు. మీ అమ్మ బొంతలకు తాడు కావాల్నన్నది, ముందు రాత్రి కోస్కొచ్చిన. ఒక్క మ్యాట్నీ ఆటే గద, సాయంత్రం కొత్తది కొంటననుకున్న. ఆ దినమే తెగాల్నా రీలు?”

“అత్తమ్మ కొలువు పోయింది. ఆ పిల్ల బతుకు పోయింది.”

“నాది వోతే మీరేం తిందురు? అక్కది ఒక్క కడుపు. నేను జూస్కుంట అనుకున్న. జూస్కుంటలేనా? ఏనాడన్న అన్నం తక్కువ జేసిన్నా?” అన్నాడు. ఎంత చక్కగా జమ కట్టుకున్నాడో! గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. ఆమె ముఖం చూస్తే తెలిసింది, ఆమెకీ మొదటి నుంచీ తెలుసని. “ఊకో బిడ్డా. ఇప్పుడు చెప్తే వదినె ఈ ఇంట్ల ఒక్క పూట ఉంటదా? ఈ వయసుల ఎటు వోతది?” అంది. లోపల రొట్టెల చప్పుడు ఆగలేదు. నేను లేచి వెళ్ళి చెప్పవలసింది అప్పుడే. పది అడుగులు లేవు. చెప్పలేదు. రేపు చెబుదాం అనుకున్నాను.

మరునాడు పొద్దున పెరట్లో దండెం లేదు, దాని చోట ఇనుప తీగ మెరుస్తోంది. తడిబట్టల బకెట్టు పట్టుకుని అత్తమ్మ, “దండెం ఏమైందే?” అంది. “తెగిపోయిందత్తమ్మా,” అన్నాను. ఆ మాట అంత సులువుగా ఎలా వచ్చిందో! ఆ వారం చివర, కాలేజీలు తెరుస్తారని కబురొచ్చిన రోజున, నాయిన ఇంటికి బీఏ దరఖాస్తు ఫారం తెచ్చాడు. నా ముందు పెట్టి, పెన్ను మూత తీసి ఇచ్చి, “సదువుకో,” అన్నాడు. ఇద్దరికీ తెలుసు అదేమిటో. నేను సంతకం పెట్టాను. అత్తమ్మ సంతోషం పట్టలేక నా నెత్తి మీద చేతులు తిప్పి మెటికలు విరిచింది. “నా మాట ఇన్నడే మీ నాయిన!” అంది. వాళ్ళ ఊరికి వెళ్ళిపోతూ గ్రేసు అడిగింది, “మీ అత్తమ్మకి చెప్పావా?” అని. చెప్పానన్నాను.

ఆ ఆర్ట్స్ కాలేజీ మెట్లే ఎక్కి చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, ఆడవాళ్ళ కష్టాల మీద రాసి పేరు తెచ్చుకున్నాను. నా తాళంచెవి నా నడుముకి ఉంది. ఇప్పుడు నా మనవరాలు హాల్లో ఎక్కడ పడితే అక్కడ కూర్చుని సినిమా చూసొస్తుంది. పర్దా అంటే ఏమిటో, దాన్ని ఒక మనిషి కాపాడేదని చెబితే నవ్వుతుంది. నాయిన పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. అందరూ గుండె రాయి చేసుకుందన్నారు. ఆయన మీద కోపమని ఎవరికి చెప్పను, అదే కోపం నా మీదా ఉన్నప్పుడు?

ఆయన తర్వాత అత్తమ్మ నా దగ్గరే ఉంది, నా ఇంట్లోనే పోయింది. చివరి రోజుల్లో ఒక పగలు మంచం పక్కన కూర్చుని అన్నం తినిపిస్తున్నాను. సందులో ఐస్ బండి గంట మోగింది. ఆమె చెయ్యి పైకి లేచి, మళ్ళీ పడిపోయింది. “గంట మోగలే” అంటుందనుకున్నాను. నలభై ఏళ్ళు అదే కదా అన్నది! ఈసారి చెబుదామని ముద్ద కింద పెట్టాను కూడా.

“మోగే ఉంటది బిడ్డా,” అంది అత్తమ్మ. “తమ్మి ఎన్నడన్న అబద్ధమాడిండా? నాకే నిద్ర వట్టింది. ఉత్తగ వాన్ని ఆడిపోసుకున్న ఇన్నేండ్లు. ఆ పిల్ల ఉసురు నాకే తగుల్తది.”

నేను ముద్ద మళ్ళీ చేతిలోకి తీసుకుని, “తినత్తమ్మా,” అన్నాను.